కుళాయి తిప్పి కూర్చున్నవాళ్లు

ఆ హాలు పైకప్పు కూల్చింది మీరే. నీళ్లు కాదు, గొట్టాలు కాదు, పాతబడ్డ సున్నం కాదు. రెండో అంతస్తులో గదులు సర్దే ఆడమనిషి అసలే కాదు. మీరు. నగరం నడిబొడ్డున అంత హోటలు పెట్టుకుని, నూరేళ్లు నిండాయని అద్దాల బీరువాల్లో వెండి చెంచాలు పేర్చి, పైన 'మా చరిత్ర' అని బోర్డు తగిలించుకున్న మీరు. ఆ బీరువాల్లో మొదటి యజమాని చేతికర్ర ఉంది. మొదటి వంటవాడి టోపీ ఉంది. ఎవరో గొప్పింటావిడ మర్చిపోయి వెళ్లిన చేతిగ్లవుజులున్నాయి. ఇన్నేళ్లూ మీ పడకలు సర్దిన ఆడవాళ్లు ఏ మూల కూర్చున్నారన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. మీకు తెలియదు. తెలుసుకోవాలని మీలో ఒక్కరికీ పుట్టలేదు. పుట్టి ఉంటే ఈపాటికి హాలు హాలులాగే ఉండేది.

కాబట్టి ఆ ముక్క చెప్పక తప్పదు.

రెండో అంతస్తులో పనిచేసే ఆవిణ్ణి హోటలంతా కోడలు అంటారు. వయసు యాభై దాటింది, జుట్టు సగం నెరిసింది, ఆవిడకే ఒక కోడలొచ్చే ఈడు. అయినా కోడలే. ఎందుకంటే ఆవిడకి ముందు అదే అంతస్తులో, అవే గదుల్లో, వాళ్లత్త పనిచేసింది. పెళ్లయిన కొత్తలో అత్త చేయి పట్టుకుని పనికి తీసుకొస్తే, కింద బట్టలుతికే చోట ఎవరో "ఎవరే ఈ పిల్ల" అన్నారు. "మా కోడలు" అంది అత్త. అంతే, ఆ మాట అతుక్కుపోయింది.

ఆ మొదటి రోజు కోడలికి బాగా గుర్తు. పొద్దుటి నుంచి అత్త వెనకాల ట్రాలీ తోస్తూ, దుప్పట్లు లాగుతూ, కొత్తవి పరుస్తూ, మూలలు మడుస్తూ మధ్యాహ్నానికి ఆ పిల్ల కాళ్లు కర్రలైపోయాయి. "అత్తయ్యా, కాసేపు కూర్చోనా" అంది. అత్త చేతిలో దుప్పటి పక్కన పెట్టింది. గది తలుపు దగ్గరగా వేసింది. స్నానాల గదిలోకి తీసుకెళ్లి ఆ తలుపు కూడా వేసింది. గడియ పెట్టలేదు, గడియ పెడితే అనుమానం. టబ్బు కుళాయి బర్రున తిప్పింది. తిప్పి, టబ్బు అంచు మీద చతికిలబడి, పక్కన చేత్తో తట్టింది.

"కూర్చో."

"పనో?"

"చప్పుడు చేస్తోందిగా పని. మనం కూర్చుంటాం."

ఇదీ ఆ హోటల్లో ఆడవాళ్ల పద్ధతి. ఎక్కడా రాసిపెట్టి లేదు. కొత్తగా చేరిన పిల్లకి పాత మనిషి చెప్పాలి, ఆ పిల్ల పాతబడ్డాక ఇంకో కొత్త పిల్లకి చెప్పాలి. అతిథి గదిలో కూర్చోకూడదు, కుర్చీ అతిథిది. కారిడార్లో కూర్చోకూడదు, అతిథులు చూస్తారు. దుప్పట్లు పెట్టుకునే బట్టల గదిలో కూర్చోవడానికి పీట ముక్క కూడా లేదు, నిలువునా అలమరలే. కింద నేలమాళిగలో భోజనాల గదికి బల్లలున్నాయి. కాని పనివాళ్ల లిఫ్టు కోసం కాచుకుని, దిగి, మళ్లీ ఎక్కేసరికి టీ తాగే విరామం లిఫ్టులోనే కరిగిపోతుంది. మిగిలింది టబ్బు అంచు. చల్లగా, సన్నగా, తొడలు కోసుకుపోయేలా ఉంటుంది. అదే సింహాసనం అనుకున్నారు.

మొదట్నుంచీ ఇలా లేదట. ఆ సంగతి అత్తే చెప్పేది, కుళాయి చప్పుడులో గొంతు కలిపి.

ఆ హోటలు కట్టించింది ఒక కలప వ్యాపారి. అంతకుముందు అక్కడ గుర్రపుశాలలుండేవి. చుట్టూ బజారు, ఎదురుగా ట్రాముల కూడలి. ఇంత ఇరుకులో ఇంత మేడ ఎవరెక్కుతారని ఊరంతా నవ్వితే, పట్టుబట్టి గుమ్మటం కూడా పెట్టించాడు. మంచివాడేమీ కాదు, నోరు విప్పితే బూతులు. కాని కలప మనిషి కదా, ప్రతి అంతస్తులోనూ మెట్ల పక్కన గట్టి చెక్కతో ఒక పొడుగాటి బల్ల వేయించాడు. ఆ బల్ల మీద పనమ్మాయిలు వరసగా కూర్చునేవాళ్లు. గోడకి గంటలుండేవి, గదికొక గంట. ఏ గంట మోగితే ఆ గదికి ఒకమ్మాయి లేచి వెళ్లేది. మిగతావాళ్లు కూర్చునే ఉండేవాళ్లు. కూర్చోవడమే వాళ్ల ఉద్యోగం. మేజోళ్లు అల్లుకునేవాళ్లట, ఒకరి జడ ఒకరు వేసుకునేవాళ్లట.

తర్వాత యుద్ధమొచ్చింది. హోటలు నిండా అధికారులు, గదుల్లో మంచాలకు బదులు మేజాబల్లలు. యుద్ధం పోయాక కలప వ్యాపారి కొడుకులు తన్నుకుని చేతులెత్తేశారు. ఎవరో కొన్నారు. వాళ్లు గదిగదికీ టెలిఫోను పెట్టించారు. టెలిఫోనొచ్చాక గంటలెందుకు? పీకేశారు. గంటలు లేనప్పుడు వాటి కోసం కాచుకుని కూర్చునే బల్లలెందుకు? అవీ పీకేశారు. అంత గట్టి కలప ఏమైందో తెలీదు, మేనేజరు ఇంట్లో అలమర అయిందని కొందరు, ఆ చలికాలం బాయిలర్లో కాలిందని కొందరు.

"బల్ల తీసేసిన రోజు మాలో ఒక్కరం కూడా నోరెత్తలేదే" అనేది అత్త. "మళ్లీ కొత్తది వేస్తారనుకున్నాం. పాతది తీస్తే కొత్తది వేస్తారు కదా. అదీ మా తెలివి."

ఆ తర్వాత హోటలు ఇంకెన్ని చేతులు మారిందో. ఒకసారి మూతబడి తెరిచారు. ఒకసారి పై అంతస్తులు ఆఫీసులకి అద్దెకిచ్చారు. లాబీ రాళ్లు మారాయి, లిఫ్టు మారింది, యూనిఫాం రంగు మారింది. మారనిది టబ్బులొక్కటే. మోయలేనంత బరువు, అందుకే ఎవరూ జోలికి పోలేదు. అవి ఉన్నాయి కాబట్టి ఆడవాళ్లు కూర్చున్నారు.

వాళ్లని పట్టుకోవడానికి సూపర్‌వైజరు ఉండేది. పనివాళ్లు పెట్టిన పేరు చెవులమ్మ. రబ్బరు అట్టల చెప్పులతో కారిడార్లో చప్పుడు కాకుండా నడిచేది, ప్రతి తలుపు దగ్గరా ఆగి చెవి వంచేది. లోపల నీళ్లు పడుతుంటే ముందుకి సాగిపోయేది. నిశ్శబ్దంగా ఉంటే కలంతో తలుపు మీద టకటకమనిపించేది. "ఏమ్మా, లోపల పని చేస్తున్నారా, ధ్యానం చేస్తున్నారా?" అనేది. అందుకని ఆ అంతస్తులో నీళ్లు ఆగేవి కావు.

ఇక్కడే ఒక పేచీ ఉంది. హోటల్లో ప్లంబరు కోడలి మరిది. భర్త పోయాక ఆ ఇంటిని నిలబెట్టింది ఆయనే. పెళ్లి చేసుకుని వేరే వెళ్లాల్సినవాడు వెళ్లలేదు, వదిననీ ఆమె కొడుకునీ చూసుకుంటూ ఉండిపోయాడు. గొట్టాల పని తప్ప లోకం తెలియదు. ఆయన్ని పైవాళ్లు ఏళ్ల తరబడి ఒకే మాట మీద సాధిస్తున్నారు. రెండో అంతస్తులో నీళ్లు విపరీతంగా ఖర్చవుతున్నాయి, ఎక్కడో లీకుంది, కనిపెట్టు. పాపం ఆయన గోడలు తవ్వాడు. నేల పలకలు లేపాడు. జాయింట్లన్నీ విప్పి బిగించాడు. లీకు దొరకలేదు. సాయంత్రం ఇంటికొచ్చి సున్నం కొట్టుకుపోయిన తల తుడుచుకుంటూ, "ఆ అంతస్తుకి ఏదో దయ్యం పట్టింది వదినా, తాగేస్తోంది" అనేవాడు. కోడలు అటు తిరిగి గిన్నెలు సర్దుకునేది. ఆడవాళ్ల సంగతి మగవాళ్లకి చెప్పకూడదని అత్త మాట తీసుకుంది. మరిది అయినా సరే.

నూరేళ్ల ఉత్సవం దగ్గర పడేసరికి కంపెనీవాళ్లు ఒకాయన్ని తెచ్చారు, హోటలు చరిత్ర రాయడానికి. పనివాళ్లు ఆయన్ని చరిత్రాయన అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. రెండో అంతస్తుకొచ్చి, ఖాళీ గదిలో మెత్తటి కుర్చీలో కూర్చుని, కోడల్ని పిలిపించాడు.

"కూర్చోండమ్మా."

"కూర్చోకూడదండి."

ఆయన మొహమాటపడి తనూ లేచి నిలబడ్డాడు. కాసేపటికి నడుం పట్టుకుని, "ఏమనుకోకండి" అంటూ మళ్లీ కూర్చున్నాడు.

"ఈ గదిలో పెద్దవాళ్లెవరైనా దిగారా?"

"దిగే ఉంటారు. దుప్పట్లకి పేర్లుండవు కదండీ."

"దయ్యాలూ గియ్యాలూ ఏమైనా? చదివేవాళ్లకి అవి బావుంటాయి."

"మా మరిది చూశానంటాడు. నేను చూళ్లేదు."

"పోనీ, ఇన్నేళ్లలో మీకు బాగా గుర్తుండిపోయింది ఏమిటి?"

కోడలు ఆలోచించింది. "కాళ్లు" అంది.

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అప్పుడు ఆ పాత బల్లల సంగతి చెప్పింది, గంటల సంగతి చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. "బావుంది. ఆ బల్ల ఫొటో ఏమైనా ఉందా?"

"బల్లకి ఫొటో ఎవరు తీస్తారండీ."

"ఫొటో లేకపోతే పెట్టడం కష్టం" అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ.

టబ్బు మాట ఆవిడ ఎత్తలేదు. ఇక ఎత్తాల్సిన అవసరమే లేదన్నట్టు, ఆ వారంలోనే కబురొచ్చింది. ఉత్సవం అయిపోగానే రెండో అంతస్తు గదులన్నీ కొత్తగా చేస్తారు. టబ్బులు పగలగొట్టి తీసేస్తారు. వాటి జాగాలో గాజు గదులు పెడతారు, అతిథులు నిలబడి స్నానం చేస్తారు.

బట్టల గదిలో అలమరలకి ఆనుకుని ఆడవాళ్లు ఆ కబురు నములుతున్నారు.

"వాళ్లూ నిలబడే, మనమూ నిలబడే. సమానత్వం వచ్చేసిందే" అంది ఇస్త్రీ దుప్పట్లు మోసే ఆవిడ.

"గాజు గదిలో నేల మీద కూర్చోవచ్చుగా?"

"కూర్చుంటే బయటికి కనపడతావు. చేపలాగా."

"మరెక్కడ కూర్చోవాలి?"

అందరూ కోడలి వంక చూశారు, అత్త ఉన్నప్పుడు అత్త వంక చూసినట్టు. కోడలు అప్పుడు ఒక కాలి బరువు ఇంకో కాలి మీదకి మార్చుకుంటోంది. పిక్కల మీద నరాలు ఉబ్బి, నీలంగా ముడులు పడ్డాయి. డాక్టరు కాళ్లకి విశ్రాంతి ఇమ్మన్నాడు. కోడలు సరేనంది. ఇంకేమంటుంది?

ఉత్సవం ముందు రోజు పనివాళ్లతో, యజమానులతో ఒక పెద్ద ఫొటో తీయాలన్నారు. పొద్దుటి నుంచి అందరికీ రెండింతల పని. అతిథులు మర్నాడు దిగుతారు, ప్రతి గదీ అద్దంలా ఉండాలి. కోడలు హాలుకి సరిగ్గా పైనున్న పెద్ద గది శుభ్రం చేయడం పూర్తిచేసింది. చేసి, తలుపు దగ్గరగా వేసి, టబ్బు అంచు మీద కూర్చుంది. కూర్చున్నాక కూడా కాళ్లు మంటలెక్కిపోతున్నాయి. ఆవిడ ఎన్నడూ చేయని పని ఒకటి చేసింది. సాక్సులు విప్పి అంచు మీద పెట్టింది. టబ్బుకి బిరడా బిగించి, చన్నీళ్లు వదిలి, పాదాలు అందులో పెట్టింది. చల్లదనం మోకాళ్ల దాకా పాకింది. గోడ పలకలకి తల ఆనించి కళ్లు మూసుకుంది. నిద్ర కాదు. ఎవరో లోపల దీపం తగ్గించినట్టు.

తలుపు మీద కలం టకటకలాడింది. "కోడలా, కిందకి రా. ఫొటో. అందరూ వెళ్లిపోయారు" అంది చెవులమ్మ గొంతు.

కోడలు ఉలిక్కిపడి లేచింది. తడికాళ్లు బూట్లలో దూర్చుకుని పరుగెత్తింది. కుళాయి కట్టలేదు.

ఎందుకు కట్టలేదని తర్వాత చాలామంది అడిగారు. ఎవరి ఇంట్లోనైనా నీళ్లు పోతున్న చప్పుడు వింటే ప్రాణం ఊరుకోదు, వెళ్లి కట్టేస్తాం. ఆ ఆడవాళ్ల సంగతి అది కాదు. వాళ్లకి నీళ్ల చప్పుడంటే అంతా సవ్యంగా ఉందని. ఆ చప్పుడు ఆగితేనే భయం. అత్త కాలం నుంచి ఆ చెవులు అలా తయారయ్యాయి. పోతున్న కుళాయిని వెనక వదిలేసి కోడలు హాయిగానే మెట్లు దిగింది.

హాల్లో ముందు వరసలో బంగారు పూత పూసిన కుర్చీలు. వాటిలో యజమానులు, వాళ్ల ఇళ్లవాళ్లు, మేనేజరు. వెనక వంటవాళ్లు, వడ్డనవాళ్లు, దర్వాను, ఉతికేవాళ్లు, గదులవాళ్లు, ఒకరి భుజం వెనక ఇంకొకరు. ఫొటో తీసేవాడు తృప్తిపడటం లేదు. కొంచెం ఎడమకి, కొంచెం కుడికి, ఎవరూ కళ్లార్పొద్దు. అలా ఎంతసేపు నిలబెట్టాడో. చివరికి అయిందన్నాడు, యజమానులు లేచి టీకి నడిచారు. మేనేజరు భార్య మెడ వెనక చేయి పెట్టుకుని, "ఏదో పడింది, తడిగా ఉంది" అంది. తల ఎత్తి చూశారు. కప్పు మధ్యలో సున్నంతో చేసిన పెద్ద పువ్వు ఉంటుంది, దీపాల గుత్తి దాన్నుంచే వేలాడుతుంది. ఆ పువ్వు చుట్టూ తెల్లటి కప్పు గోధుమరంగులోకి తిరుగుతోంది. "జరగండి, జరగండి" అని ఎవరో అరిచారు. జనం గోడలకి కరుచుకుపోయారు. పువ్వు, దీపాలు, బండెడు సున్నం, వాటి వెనక నీళ్లు, అన్నీ కలిసి ఇప్పటిదాకా యజమానులు కూర్చున్న కుర్చీల ముందు కుప్పగా కూలాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఉత్సవం మాత్రం నాశనమైంది.

సాయంత్రానికల్లా నేరస్థుడు దొరికాడు. మేనేజరు పెద్దగా తంటాలు పడలేదు. రెండో అంతస్తులో లీకుందని అందరికీ ఏళ్ల నుంచి తెలుసు, కనిపెట్టమని ప్లంబరుకి చెప్పారు, కనిపెట్టలేదు. ఇప్పుడు ఆ లీకే కప్పు కూల్చింది. మర్నాడు పొద్దున విచారణ, ఆ తర్వాత ప్లంబరు ఇంటికి.

ఆ సాయంత్రం మరిది గుమ్మంలో కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు.

"గొట్టాలన్నీ తడిమి చూశాను వదినా. ఒక్కటి పగల్లేదు. బయట ఎండుకట్టెల్లాగా పొడిగా ఉన్నాయి. ఆ గదిలో టబ్బు నిండి పొర్లుతోంది, అంతే. ఎవడో అతిథి వదిలేశాడంటే, ఆ గదిలో అతిథే లేడు. నేనన్నది ఒక్కరు వింటే కదా."

కోడలు చెంబుతో నీళ్లిచ్చి ఎదురుగా గోడకి జారబడింది. తర్వాత చెప్పింది. కాళ్ల సంగతి, బిరడా సంగతి. ఆగలేక మిగతాదీ చెప్పేసింది. అత్త సంగతి, చప్పుడు సంగతి.

మరిది చెంబు కింద పెట్టాడు.

"అయితే ఆ లీకు నువ్వా" అన్నాడు.

"నేనొక్కదాన్నే కాదు. అందరం."

"అమ్మ కూడానా?"

"అత్తయ్యే నేర్పింది."

"నేను గోడలు తవ్వుతుంటే పక్కన నిలబడి అమ్మ మంచినీళ్లిచ్చేదే. తవ్వు నాయనా, తవ్వు అనేది." ఆయనకి నవ్వొచ్చింది. మధ్యలో అది నవ్వులా లేకుండా పోయింది. మొహం తుడుచుకున్నాడు. "పైవాళ్లు నన్ను చేతకానివాడంటుంటే మీరిద్దరూ విన్నారు వదినా."

"విన్నాం."

"నువ్వు నోరు విప్పకు. నీకు ఇంకెన్నాళ్లో సర్వీసు లేదు, ఇప్పుడు పోతే ఏమీ రాదు. నేనింకా చేయగలను. గొట్టాలు లేని ఊరుందా?"

"కప్పు కూల్చిన ప్లంబరుని ఏ ఊరు పిలుస్తుంది?"

లేచి లోపలికెళ్లాడు. కోడలు అక్కడే కూర్చుంది. తన గుమ్మం, తన గోడ, ఎవరూ లెమ్మనరు. అయినా కాళ్లకి ఆ సుఖం ఎక్కలేదు.

పొద్దున బట్టల గదిలో ఆడవాళ్లు ఆవిణ్ణి చుట్టుముట్టారు. ఆ గది ఎవరు సర్దారో తెలుసు కాబట్టి వాళ్లకి అప్పటికే తెలిసిపోయింది.

"చెప్పేస్తావా?"

"మరిదిని పంపించేస్తారు."

"చెబితే నిన్ను పంపిస్తారు. పైగా ఇవాళ్టి నుంచే తలుపులు బార్లా తెరిచి కడగమంటారు. టబ్బులున్న ఆ నాలుగు రోజులూ కూడా కూర్చోనివ్వరు" అంది ఇస్త్రీ దుప్పట్లావిడ. కోపంగా కాదు, అలిసిపోయి. "నా మోకాలు చూడవే. నీకు మరిది ఉన్నాడు. నాకు ఈ అంచు తప్ప ఎవరున్నారు?"

కోడలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, ట్రాలీ పక్కకి తోసి, వెళ్లిపోయింది.

మేనేజరు గదిలో బల్ల వెనక మేనేజరు, పక్కన కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరు, ఒక మూల చరిత్రాయన. వాళ్లు కూర్చున్నారు. మరిది, చెవులమ్మ, కోడలు నిలబడ్డారు. బల్ల మీద తడిసి ముడుచుకుపోయిన సాక్సులు.

మరిదిని రెండు మాటలు అడిగారు. జవాబు పూర్తికాకముందే కంపెనీ ఆయన తల అడ్డంగా తిప్పాడు. అప్పుడు కోడలు అంది, "ఆయన్ని వదిలేయండి సార్. గొట్టాల తప్పు లేదు. కుళాయి తిప్పింది నేను, కట్టకుండా వచ్చింది నేను."

"కడుగుతూ మర్చిపోయి ఉంటుంది సార్" అంది చెవులమ్మ వెంటనే, చూపు కిందకి దించకుండా.

"కడగడం పొద్దున్నే అయిపోయిందని మీరే రాశారు కదమ్మా" అన్నాడు మేనేజరు. సాక్సుల్ని కలంతో ఎత్తాడు. "ఇవి ఎవరివి?"

"నావి."

"అంటే, అతిథి టబ్బులో స్నానం చేశావా?"

కంపెనీవాళ్లలో ఒకాయన ముక్కు చిట్లించాడు. కోడలి మొహంలోకి రక్తం ఎక్కింది. గొంతు మాత్రం పెరగలేదు.

"స్నానం మా ఇంట్లో చేసే వస్తాను సార్. నేను కూర్చున్నాను."

"ఏమిటీ?"

"కూర్చున్నాను. టబ్బు అంచు మీద."

"కూర్చోవడానికి స్నానాల గదిలో కుళాయి తిప్పుకోవడం ఏమిటి? బుర్ర ఉండే చేశావా?"

"తిప్పకపోతే తలుపు కొడతారు సార్. తిప్పితే పని చేస్తున్నాం అనుకుంటారు. ఇంకెక్కడ కూర్చోమంటారు, చెప్పండి, అక్కడే కూర్చుంటాం."

మేనేజరు చుట్టూ చూశాడు, జవాబు ఎక్కడో గోడ మీద రాసి ఉంటుందన్నట్టు.

"ఎప్పట్నుంచి జరుగుతోంది ఇది?"

"మెట్ల దగ్గర బల్లలు తీసేసినప్పట్నుంచి. మా అత్తగారి రోజుల నుంచి."

మేనేజరు చెవులమ్మ వైపు తిరిగాడు. "ఇదంతా మీ ముక్కు కింద జరుగుతుంటే మీరేం చేస్తున్నారు?"

చెవులమ్మ రబ్బరు చెప్పుల మీద కొంచెం కదిలింది. ఆవిడ కాళ్లూ వాచే ఉన్నాయని కోడలు అప్పుడే చూసింది.

"నాకు తెలుసు సార్" అంది చెవులమ్మ.

"తెలిసీ?"

"తెలుసు కాబట్టే నీళ్ల చప్పుడు వినబడితే ఆగకుండా పోయేదాన్ని. చప్పుడు లేని గదిలో ఎవరైనా కళ్లు తిరిగి పడ్డారేమోనని తలుపు కొట్టేదాన్ని. సూపర్‌వైజరు కాకముందు నేనూ ఆ అంచు మీదే కూర్చున్నాను. ఇప్పుడు నాకు గది లేదు, అందుకని తిరుగుతూ ఉంటాను."

కోడలు ఆవిడ వంక చూసింది. ఇన్నేళ్లు ఆవిణ్ణి చూసి జడుసుకుంది, వెనక నుంచి వెక్కిరించింది. ఆవిడ తిరిగి చూడలేదు.

మరిదికి ఉద్యోగం నిలిచింది. ఇన్నేళ్లు నిన్ను అన్నందుకు ఏమనుకోకని మాత్రం ఎవరూ అనలేదు. కోడల్ని, తుది నిర్ణయం తెలిసేదాకా రావద్దన్నారు. చెవులమ్మని నేలమాళిగలో బట్టలుతికే చోటికి పంపించారు. మధ్యాహ్నానికి రెండో అంతస్తులో కాగితం అంటించారు: స్నానాల గదులు కడిగేటప్పుడు తలుపులు పూర్తిగా తెరిచి ఉంచాలి. కుళాయిలు సన్నగా తిప్పాలి. చరిత్రాయన ఒక్కడే మెట్ల దాకా కోడలి వెంట వచ్చి, "మీ మాటలు పుస్తకంలో పెడతానమ్మా" అన్నాడు.

"పుస్తకంలో కూర్చోలేం కదండీ" అని కోడలు మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీదా ఆగి ఆగి.

అయ్యా, ఇప్పుడు ఆ అంతస్తులో నీళ్లు ఆదా అవుతున్నాయి. మీ లీకు దొరికింది. ఇస్త్రీ దుప్పట్లావిడ తలుపులు బార్లా తెరిచి కడుగుతోంది, అలమర పట్టుకుని లేస్తోంది, గోడ పట్టుకుని నడుస్తోంది. ఇది విచారణతో, కమిటీతో, వచ్చే ఏడాది చూద్దాంతో తేలే సంగతి కాదు. కోడల్ని పనిలోకి పిలవండి, పాత సర్వీసు చెక్కు చెదరకుండా. చెవులమ్మని ఆవిడ అంతస్తుకి పంపండి. ఆ కాగితం చింపండి. ప్రతి అంతస్తులో బట్టల గదిలో ఒక అలమర పీకి, వీపు ఆనుకునే కుర్చీలు వేయండి, కూర్చున్నందుకు ఎవరినీ ఏమీ అనమని అందరి ముందూ చెప్పండి. కుర్చీలు కొనడానికి టైము పడుతుందంటారా? హాలు బాగుచేయిస్తున్నారు కదా, అక్కడి కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన గుడ్డ కప్పి, ఊరికే పడున్నాయి. ఈ పూట షిఫ్టు మారేలోపు వాటిని పైకి మోయించండి. మోసే మనుషులు లేరంటే చెప్పండి, ఆ ఆడవాళ్లే మోసుకుంటారు. దారికి అడ్డం మాత్రం లేవండి.